ఇంట్లో మొదటిసారి కాలేజీకి: సీటు, ఫీజు, స్కాలర్‌షిప్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ కాలేజీ గడప తొక్కని పిల్లల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం ఈ ప్రశ్నలు. ఎక్కువ భాగం తెలంగాణ ఇంజనీరింగ్, డిగ్రీ ప్రవేశాల గురించే. ఆంధ్రప్రదేశ్‌లో తేడా ఉన్నచోట విడిగా చెప్పాం. మంచి ర్యాంకు వచ్చి కూడా ఒక కాగితం లేకనో, ఒక తేదీ దాటిపోయో సీటు పోగొట్టుకునేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. అందుకే ర్యాంకు కంటే ముందు కాగితాల సంగతి.

ఇంటర్ రెండో ఏడులో ఉన్నాను. ఇప్పటినుంచే ఏమేం సిద్ధం చేసుకోవాలి?

పదో తరగతి మెమో, ఆధార్, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, మీసేవలో తీసుకున్న కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, మీ పేరు మీదే బ్యాంకు ఖాతా. ఇంటర్ మెమో, టీసీ తర్వాత వస్తాయి.

వీటిలో జనం తేలిగ్గా తీసుకునేది స్టడీ సర్టిఫికెట్లు. మీరు స్థానిక అభ్యర్థి అవునా కాదా అన్నది తేలేది వాటితోనే. మధ్యలో బడి మారితే ప్రతి బడి నుంచీ విడిగా తేవాలి. ప్రైవేటు బడి మూతపడి ఉంటే రికార్డు ఎక్కడుందో మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి. ఇది ఒక్కరోజులో తేలే పని కాదు, కాబట్టి జనవరి, ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి. మే నెలలో బడులకు సెలవులు, హెడ్మాస్టరు సంతకం కోసం ఊళ్లు తిరగాల్సి వస్తుంది.

ఆధార్‌లో పేరు ఒకలా, పదో తరగతి మెమోలో ఒకలా ఉంది. ఏది మార్చుకోవాలి?

ఆధార్. అన్ని అప్లికేషన్లకూ పదో తరగతి మెమోనే ఆధారం. దాన్ని మార్చడం చాలా పెద్ద తతంగం. ఇంటిపేరు మెమోలో పొడి అక్షరాలుగా, ఆధార్‌లో పూర్తిగా ఉన్నా ఒక్కోసారి సిస్టమ్ పట్టుకుంటుంది. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. కాబట్టి ఆధార్ సెంటర్‌లో ఆపరేటర్ టైప్ చేసిన స్పెల్లింగును మెమో పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకున్నాకే ఒప్పుకోండి.

ఆదాయ సర్టిఫికెట్ ఎప్పుడు తీసుకోవాలి?

తెలంగాణ కౌన్సెలింగ్‌కు (ర్యాంకు ప్రకారం సీట్లు ఇచ్చే ప్రక్రియ) మామూలుగా ఆ ఏడు జనవరి 1 తర్వాత ఇచ్చిన సర్టిఫికెట్టే చెల్లుతుంది. నిరుడు తీసుకున్నది పెట్టెలో భద్రంగా ఉన్నా లాభం లేదు. మీసేవలో దరఖాస్తు చేస్తే విచారణ తర్వాత తహసీల్దార్ డిజిటల్ సంతకంతో వస్తుంది. జూన్‌లో అందరూ ఒక్కసారే ఎగబడతారు, ఏప్రిల్‌లో అయితే ఆ రద్దీ ఉండదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు, అంటే ట్యూషన్ ఫీజును ప్రభుత్వం భరించే పథకానికి, తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఏడాది ఆదాయ పరిమితి 2 లక్షలు. బీసీ, ఈబీసీ (ఓసీల్లో ఆర్థికంగా వెనుకబడినవాళ్లు), మైనారిటీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. పల్లెలో ఉండే బీసీ కుటుంబం 1,80,000 అని రాయిస్తే అర్హత పోయినట్టే. ఆ అంకె దరఖాస్తు ఫారంలో పడ్డాక దిద్దించడం కష్టం. ఉన్న ఆదాయమే రాయండి, కానీ మీసేవ కుర్రాడు అంచనాగా వేసే అంకెకు తల ఊపకండి.

కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్: తేడా ఏమిటి? చదువు ఒకటే కదా?

చదువు ఒకటే, డబ్బు లెక్క మాత్రం పూర్తిగా వేరు. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, అంటే ఈఏపీసెట్ (రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష) ర్యాంకుతో కౌన్సెలింగ్‌లో వచ్చేవి. మిగతా 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. కౌన్సెలింగ్ అంతా అయ్యాక మిగిలిన సీట్లను కాలేజీ తనే నింపుకుంటే అది స్పాట్.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించేది కన్వీనర్ కోటాకే. మేనేజ్‌మెంట్ కోటాకు లేదు, స్పాట్‌కూ లేదు. 'ముందు స్పాట్‌లో చేరండి, స్కాలర్‌షిప్ సంగతి మేం చూసుకుంటాం' అని కాలేజీ మనిషి చెబితే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వరు.

కౌన్సెలింగ్ మొదటినుంచి చివరిదాకా ఎలా జరుగుతుంది?

ముందు ఆన్‌లైన్‌లో ప్రాసెసింగ్ ఫీజు కట్టాలి. ఓసీ, బీసీలకు రూ.1,200, ఎస్సీ, ఎస్టీలకు రూ.600. కట్టగానే హెల్ప్‌లైన్ సెంటర్‌కు వెళ్లే స్లాట్ బుక్ చేసుకోవాలి. ఆ రోజు, ఆ వేళకు ఒరిజినల్స్, జిరాక్సు సెట్లు పట్టుకెళ్తే సర్టిఫికెట్లు పరిశీలించి రసీదు ఇస్తారు. అందులో మీ కేటగిరీ, స్థానికత, ఆదాయం సరిగ్గా ఎక్కాయో లేదో కౌంటర్ దగ్గరే నిలబడి చదవండి. బీసీ-బి బదులు బీసీ-డి అని పడినా, ఆదాయం గడి ఖాళీగా ఉన్నా అక్కడే దిద్దించుకోవాలి. ఇంటికొచ్చాక చూసుకుంటే మళ్లీ అదే లైన్‌లో నిలబడాలి.

ఆ తర్వాత వెబ్ ఆప్షన్లు (కావలసిన కాలేజీలు, బ్రాంచిలు ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టడం), ఫ్రీజింగ్ (ఆ జాబితాను ఖాయం చేయడం), సీటు అలాట్‌మెంట్. సీటొస్తే అలాట్‌మెంట్ ఆర్డర్‌లో చూపిన మొత్తం కట్టి, గడువులోపు ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, అంటే ఈ సీటు తీసుకుంటున్నానని వెబ్‌సైట్‌లో మీరే తెలపాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. సీటొచ్చిందని ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, ఇంట్లో స్వీట్లు పంచుతారు, సెల్ఫ్ రిపోర్టింగ్ బటన్ మాత్రం ఎవరూ నొక్కరు. గడువు దాటితే సీటు రద్దు. కాలేజీకి వెళ్లి రిపోర్ట్ చేయడం ఇంకో తేదీన ఉంటుంది. ఈ రెండూ వేర్వేరు పనులు, రెండూ చేయాలి.

వెబ్ ఆప్షన్లు ఎన్ని పెట్టాలి? ఏ వరుసలో?

ఎన్నైనా పెట్టవచ్చు, పరిమితి లేదు. మీకు ఇష్టమైన వరుసలో పెట్టండి. ర్యాంకుకు అందని కాలేజీ పైన పెడితే కింద ఉన్నవి పోతాయని ఒక భయం ఉంది. అది నిజం కాదు. మీ వంతు వచ్చినప్పుడు మీ జాబితాను పైనుంచి చూసుకుంటూ వస్తారు, మొదట ఖాళీగా కనిపించిన సీటు ఇస్తారు. పైన అందనివి పది ఉన్నా నష్టం లేదు. తక్కువ పెట్టి ఊరుకుంటేనే ముప్పు. 50 వేల పైన ర్యాంకున్న విద్యార్థి ఎనిమిది ఆప్షన్లు పెడితే ఖాళీ చేతులతో మిగిలిపోవచ్చు.

వరుస వేసుకోవడానికి కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో గత ఏడాది లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్ ఉంటుంది. కాలేజీ, బ్రాంచి, కేటగిరీ, అబ్బాయా అమ్మాయా అన్నదాన్నిబట్టి చివరి సీటు ఎన్నో ర్యాంకు దగ్గర ఆగిందో అందులో ఉంటుంది. మీ కేటగిరీ గడినే చూడండి, ఓసీ గడి కాదు. ఒక్క ఏడు చూసి ఊరుకోకుండా రెండేళ్లవి పక్కపక్కన పెట్టుకోండి.

ముందు తెల్ల కాగితం మీద కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్, ఏడాది ఫీజు, ఇంటి నుంచి దూరం నాలుగు గళ్లలో రాసుకోండి. ఫీజు గడి లేకుండా ఎవరూ ఆప్షన్లు పెట్టకూడదని మా గట్టి అభిప్రాయం. బ్రాంచి కోడ్ చూసి మరీ పెట్టండి. సీఎస్ఈ, సీఎస్ఎం, సీఎస్‌డీ పక్కపక్కనే ఉంటాయి, కానీ మొదటిది మామూలు కంప్యూటర్ సైన్స్, రెండోది ఏఐ-ఎంఎల్, మూడోది డేటా సైన్స్.

నెట్ సెంటర్ ఆయనే ఆప్షన్లు పెట్టేస్తానంటున్నాడు. ఇవ్వవచ్చా?

టైపింగ్‌కు సాయం తీసుకోండి, పాస్‌వర్డ్, ఓటీపీ మాత్రం ఇవ్వకండి. లాగిన్ ఐడీ, ఓటీపీలు వచ్చేది మీరు రిజిస్టర్ చేసిన ఫోన్ నంబరుకే. ఆ నంబరు నెట్ సెంటర్ వాళ్లదో, కాలేజీ పీఆర్వోదో (కాలేజీ తరఫున ప్రచారం చేసే మనిషి) అయితే మీ సీటు వాళ్ల చేతిలో ఉన్నట్టే. చివరి రోజు ఆప్షన్ల వరుస మారిపోయిందని లబోదిబోమనే సంఘటనల్లో తరచూ కనబడేది ఇదే. ఫ్రీజ్ అయ్యాక ఆప్షన్ల ప్రింటు తీసుకుని ఇంట్లో పెట్టుకోండి.

మొదటి విడతలో సీటొచ్చింది. ఇంకా మంచిది కావాలి. రెండో విడతకు వెళ్తే ఉన్నది పోతుందా?

సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి ఉంటే, రెండో విడతలో కొత్త సీటు రానంతవరకు పాతది మీదే. కొత్తది వచ్చిందంటే మాత్రం పాతది ఆ క్షణమే వేరేవాళ్లకు వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. కాబట్టి ఇప్పుడున్న సీటుకంటే నిజంగా మేలైనవే పెట్టాలి. అలవాటుగా మొదటి విడత జాబితానే మళ్లీ పెట్టేసి, ఉన్నదానికంటే తక్కువ దానికి మారిపోయి ఏడ్చేవాళ్లను చూస్తుంటాం.

మా అబ్బాయికి 32 వేల ర్యాంకు, బీసీ. ఫీజంతా ప్రభుత్వమే కడుతుందా?

కట్టకపోవచ్చు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు కాలేజీకి నిర్ణయించిన మొత్తం ట్యూషన్ ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీలలో పదివేల లోపు ర్యాంకు వాళ్లకు పూర్తి ఫీజు, ఆపై ర్యాంకులకు సాధారణంగా రూ.35,000 వరకే.

లెక్క వేసి చూడండి. కాలేజీ ఫీజు ఏడాదికి లక్ష అనుకుందాం. ప్రభుత్వం 35 వేలు పోగా మీ చేతినుంచి 65 వేలు, నాలుగేళ్లకు 2,60,000. అదే 50 వేల ఫీజున్న కాలేజీలో మీ వాటా ఏడాదికి 15 వేలు, నాలుగేళ్లకు 60 వేలు. రెండింటి మధ్య తేడా రెండు లక్షలు. హాస్టల్, బస్సు, పరీక్ష ఫీజు, కాలేజీ వసూలు చేసే ప్రత్యేక ఫీజులు దీనికి అదనం, రీయింబర్స్‌మెంట్ వాటికి రాదు. పేరున్న కాలేజీ తప్పని కాదు, ఆ రెండు లక్షలు ఎక్కడినుంచి వస్తాయో ఆప్షన్ పెట్టేముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి.

కాలేజీ ఫీజు ఎంతన్నది ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ నిర్ణయిస్తుంది. మీరు కట్టాల్సింది ఎంతో అలాట్‌మెంట్ ఆర్డర్‌లోనే ఉంటుంది. పీఆర్వో నోటిమాట కాదు, ఆ అంకె చూడండి. కౌన్సెలింగ్‌లో సీటొచ్చాక డొనేషన్ పేరుతో అడిగితే ఇవ్వాల్సిన పనిలేదు.

ఈపాస్ దరఖాస్తు ఎలా? ఎక్కడ ఆగిపోతుంది?

కాలేజీలో చేరాక తెలంగాణ ఈపాస్ వెబ్‌సైట్‌లో 'ఫ్రెష్' దరఖాస్తు చేయాలి. పదో తరగతి హాల్‌టికెట్ నంబరు కొట్టగానే పేరు, పుట్టిన తేదీ దానంతట అదే వస్తాయి. ఆ తర్వాత ఆధార్, కుల, ఆదాయ సర్టిఫికెట్ల మీసేవ నంబర్లు, బ్యాంకు ఖాతా, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్. ప్రింటు తీసి, జిరాక్సులు జతచేసి కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ఇవ్వాలి. మీసేవలో వేలిముద్ర కూడా వేయాలి.

ఆగిపోయే చోట్లు మూడు. కాలేజీ తన లాగిన్‌లోంచి ముందుకు పంపకపోవడం ఒకటి. వేలిముద్ర పడకపోవడం రెండోది. ఇక మూడోది చాలామందికి అర్థం కాదు: ఖాతాకు ఆధార్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు, డబ్బు జమకు ఆ ఖాతానే ఆధార్‌తో సీడింగ్ అయి ఉండాలి, అంటే ప్రభుత్వ డబ్బు పడాల్సిన ఖాతా ఇదేనని బ్యాంకు నమోదు చేసి ఉండాలి. మీ పేరు మీద రెండు మూడు ఖాతాలుంటే చివరగా సీడింగ్ చేసినదానికే డబ్బు వెళ్తుంది. మై ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. అప్లికేషన్ నంబరుతో నెలకోసారి స్టేటస్ చూసుకోండి.

రెండో ఏడు నుంచి ప్రతి ఏడూ 'రెన్యువల్' చేయాలి, దానంతటది కాదు. హాజరు 75 శాతం కంటే తగ్గినా ఆగుతుంది. ఒకసారి డిగ్రీలో చేరి స్కాలర్‌షిప్ తీసుకుని, మరుసటి ఏడు అది మానేసి అదే స్థాయిలో వేరే కోర్సులో మొదటి ఏడు చేరితే మళ్లీ ఇవ్వరు. లాంగ్ టర్మ్ కోచింగ్ ఆలోచన ఉన్నవాళ్లు ఏదో ఒకదాంట్లో చేరి పెట్టుకునేముందు ఇది గుర్తుంచుకోవాలి.

ప్రభుత్వం డబ్బులు వేయలేదు, మీరే కట్టండి అంటోంది కాలేజీ. ఏం చేయాలి?

బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోవడం కొత్త సంగతేం కాదు. ట్యూషన్ ఫీజు ప్రభుత్వం నుంచి కాలేజీకి రావాల్సిన సొమ్ము, అయినా మెమోలు, టీసీ ఆపి విద్యార్థి మీద ఒత్తిడి పెట్టే కాలేజీలు ఉన్నాయి. ముందు ఈపాస్‌లో మీ దరఖాస్తు మంజూరైందో లేదో చూడండి. మంజూరై విడుదల కాకపోతే ఆ స్టేటస్ ప్రింటుతో ప్రిన్సిపాల్‌కు అర్జీ ఇచ్చి, రెండో కాపీ మీద రిసీవ్డ్ ముద్ర వేయించుకోండి. తేలకపోతే ఎస్సీ విద్యార్థులు జిల్లా ఎస్సీ అభివృద్ధి అధికారి దగ్గరికి, బీసీలు బీసీ సంక్షేమ అధికారి దగ్గరికి, ఎస్టీలు గిరిజన సంక్షేమ శాఖకు వెళ్లాలి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ పెడితే దానికి నంబరు వస్తుంది.

తప్పనిసరై కట్టాల్సి వస్తే 'రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి ఇవ్వాల్సినది' అని రసీదు మీద రాయించుకోండి. రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ఎస్సీ విద్యార్థులకు ఇంకో మాట. కేంద్రం వాటా 60 శాతం నేరుగా విద్యార్థి ఖాతాలోనే వేయాలన్నది కేంద్ర నియమం. ఖాతాలో అలాంటి పెద్ద మొత్తం పడితే అందులో ట్యూషన్ ఫీజు భాగం కాలేజీది. ఖర్చుపెట్టేస్తే ఆఖరి ఏడాది అదే మెడకు చుట్టుకుంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో తేడాలేమిటి?

ఏపీ ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది, తెలంగాణలో 2023 నుంచి తీసేశారు. కాబట్టి ఏపీ పిల్లలు ఇంటర్ గ్రూపు మార్కులను వదిలేయకూడదు. కుల, ఆదాయ పత్రాలకు గ్రామ, వార్డు సచివాలయం. రైస్ కార్డు ఉంటే ఆదాయానికి అదే ఆధారంగా పనికొస్తుంది. రీయింబర్స్‌మెంట్ పనులు జ్ఞానభూమి పోర్టల్‌లో. ఆదాయ పరిమితి రెండున్నర లక్షలు. ఇక్కడా కన్వీనర్ కోటాకే వర్తిస్తుంది. జగనన్న విద్యా దీవెన కింద ఫీజు తల్లి ఖాతాలో పడేది. 2024లో ప్రభుత్వం మారాక నేరుగా కాలేజీలకే ఇచ్చే పద్ధతికి మళ్లారు. పాత వీడియోలు చూసి అమ్మ ఖాతా కోసం తిరగకండి.

ఇంజనీరింగ్ కాదు, బీకామో బీఎస్సీనో చదవాలి.

తెలంగాణలో దోస్త్ అనే డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్ ద్వారానే. మొదటి విడత రిజిస్ట్రేషన్‌కు రూ.200. మొబైల్ నంబరు ఆధార్‌కు లింకై ఉండాలి, లేకపోతే మొదటి మెట్టులోనే ఆగిపోతుంది. సీటొస్తే సెల్ఫ్ రిపోర్టింగ్ ఇక్కడా తప్పదు. ఊరికి దగ్గర ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంటే పైన పెట్టండి, ఫీజు నామమాత్రం. 'ప్రైవేటుదైతేనే బాగుంటుంది' అన్న మాటకు లోబడి ఏడాదికి ముప్పై వేలు పోసేముందు రెండు చోట్లా ఎంతమంది అధ్యాపకులున్నారో వెళ్లి చూసి రండి.

జేఈఈలో ర్యాంకొచ్చింది. ఎన్ఐటీ, ఐఐటీ ఫీజు మావల్ల అవుతుందా?

భయపడి వదులుకోకండి. ఐఐటీలు, ఎన్ఐటీల్లో ఎస్సీ, ఎస్టీలకు ట్యూషన్ ఫీజు లేదు. మిగతావాళ్లలో కుటుంబ ఆదాయం లక్ష లోపైతే పూర్తి మాఫీ, లక్ష నుంచి ఐదు లక్షల మధ్య అయితే మూడింట రెండు వంతులు మాఫీ. హాస్టల్, మెస్ ఖర్చు మాత్రం మీదే.

చిక్కు వచ్చేది సర్టిఫికెట్ దగ్గర. రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (బీసీల్లో సంపన్న వర్గం కాదనే) సర్టిఫికెట్, ఆ ఏడు ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నది కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు, ముందే చూసుకోండి. ఈడబ్ల్యూఎస్ (ఓసీల్లో ఆర్థికంగా వెనుకబడినవాళ్ల కోటా) సర్టిఫికెట్‌కూ ఏప్రిల్ 1 నియమమే.

ఇంకేమైనా స్కాలర్‌షిప్పులు ఉన్నాయా?

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెండు చూడదగ్గవి. ఇంటర్‌లో మీ బోర్డు టాప్ 20 శాతంలో ఉండి, ఆదాయం నాలుగున్నర లక్షల లోపైతే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్: డిగ్రీ మూడేళ్లు ఏడాదికి 12 వేలు. కానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లకు ఇది ఇవ్వరు, ఏది ఎక్కువ వస్తుందో చూసుకుని ఒకటి ఎంచుకోవాలి. రెండోది ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ) ఇచ్చే ప్రగతి: ఇంజనీరింగ్, డిప్లొమా చేరే అమ్మాయిలకు ఏడాదికి 50 వేలు, ఆదాయం 8 లక్షల లోపు, ఇంటికి ఇద్దరు అమ్మాయిల దాకా. దీనిక్కూడా వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో పేచీ ఉందేమో ఆ ఏటి నిబంధనల్లో చదివాకే దరఖాస్తు చేయండి. 'స్కాలర్‌షిప్ ఇప్పిస్తాం, ముందు రెండు వేలు కట్టండి' అనేవాళ్లంతా మోసగాళ్లే. పోర్టల్‌లో దరఖాస్తుకు రుసుం ఉండదు.

బ్యాంకు లోను తీసుకోవచ్చా? పొలం తాకట్టు పెట్టాలా?

నాలుగు లక్షల దాకా తాకట్టు అడగకూడదు. ఏడున్నర లక్షల దాకా కూడా ప్రభుత్వ గ్యారంటీ నిధి కింద తాకట్టు లేకుండా ఇచ్చే వీలుంది. పీఎం విద్యాలక్ష్మి పథకం 2024 నవంబరులో వచ్చింది. జాబితాలో ఉన్న మంచి ర్యాంకింగ్ విద్యాసంస్థల్లో మెరిట్ సీటుకు తాకట్టు, హామీదారు లేకుండా లోను. ఆదాయం 8 లక్షల లోపైతే పది లక్షల దాకా లోనుకు చదివే కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ. ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండి వృత్తి, సాంకేతిక కోర్సు చదువుతుంటే ఆ కాలానికి పూర్తి వడ్డీ రాయితీ ఇచ్చే పథకం ఉంది. అది దానంతటది రాదు, ఆదాయ సర్టిఫికెట్‌తో బ్యాంకులో అడగాలి.

బ్యాంకుకు నేరుగా వెళ్లి 'తర్వాత రండి' అనిపించుకునే బదులు విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు చేయండి. నంబరు ఉంటుంది, తిరస్కరిస్తే కారణం రాయాల్సి వస్తుంది.

కోర్సు కాలం, ఆపై ఒక ఏడాది కిస్తీ ఉండదు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లు, 10 శాతం వడ్డీకి తీసుకుంటే కిస్తీ మొదలయ్యేనాటికి వడ్డీయే సుమారు లక్షా నలభై వేలు అవుతుంది. మొదటి ఏడాదిలో నెలకు 833 రూపాయలు, రెండో ఏడాదిలో నెలకు 1,667 చొప్పున వడ్డీ ఎప్పటికప్పుడు కడితే ఆ భారం అసలులో కలవదు. కట్టగలిగినవాళ్లు కట్టేయడమే మంచిది.

చేరాక వేరేచోట సీటొచ్చింది. కట్టిన డబ్బు, ఒరిజినల్స్ తిరిగి ఇస్తారా?

ఇవ్వాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ (యూనివర్సిటీ చదువులను చూసే కేంద్ర సంస్థ) 2018లోనే స్పష్టంగా చెప్పింది. పరిశీలించి, జిరాక్సులు ఉంచుకుని తిరిగి ఇచ్చేయాలి. ఇంజనీరింగ్‌లో తరగతులు మొదలుకాకముందే మానేస్తే, ప్రాసెసింగ్ కింద వెయ్యి రూపాయలకు మించకుండా పట్టుకుని మిగతాది ఇవ్వాలన్నది ఏఐసీటీఈ నియమం. కన్వీనర్ సీటైతే ముందు కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో గడువులోపు సీటు రద్దు చేసుకోవాలి. గడువు దాటాక రద్దు చేస్తే కట్టింది వెనక్కి రావడం కష్టం. రద్దు అర్జీ, ఆరోజు తేదీ ఉన్న రసీదు, ఫీజు చలానా మూడూ ఒకచోట పిన్ను కొట్టి ఉంచండి. కాలేజీ ఇవ్వనంటే ఇంజనీరింగ్‌కు ఏఐసీటీఈ, డిగ్రీకి యూజీసీ ఫిర్యాదుల పోర్టల్ ఈ-సమాధాన్‌లో పెట్టేటప్పుడు ఆ మూడింటి స్కాన్ కాపీలే అడుగుతారు.